పొయ్యి వెనక గోడ

పొయ్యి వెనక గోడకి మూడు వరసల టైల్స్ అంటించేశాక గానీ వైకుంఠరావు వంటింట్లోకి తొంగి చూడలేదు. చూసీ చూడగానే ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

“ఏటే ఇది? ఎవుల్నడిగి ఏయించినావే ఈ రంగు?”

అది అవతలి పార్టీ రంగు మరి. ఏ రంగో నేను చెప్పను. చెబితే మీరు కథ పక్కన పడేసి నాతో గొడవకి దిగుతారు.

పంచాయతీ ఎన్నికలకి పార్టీ గుర్తులుండవంటారు. కాగితం మీద ఉండవు, నిజమే. నందిగాం అవతలున్న ఆ ఊళ్ళో మాత్రం ఎద్దుల కొమ్ములకి కూడా పార్టీ రంగే పూస్తారు. ఆ ఊరికి వైకుంఠరావు రెండుసార్లు ప్రెసిడెంటు. మొదటిసారి మూడొందల ఓట్ల మెజారిటీ. రెండోసారి పందొమ్మిది. ఈసారి పోతే ఊళ్ళో కుక్క కూడా తనని పలకరించదని ఆయన బెంగ.

దానికి తోడు అవతలి పార్టీ పెద్ద, జీడిపిక్కల వ్యాపారి దుర్గాప్రసాద్, అభ్యర్థి పేరు బయటపెట్టకుండా ఊరిస్తున్నాడు. మీవాళ్ళలోనే ఒకర్ని లాగుతున్నాడని ఎవరో చెవిలో ఊదారు. అంతే, వైకుంఠరావుకి సొంత తమ్ముడు తిరుమలరావు మీద అనుమానం పట్టుకుంది. తమ్ముడి ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇలాంటప్పుడు వంటింట్లో ఈ రంగు!

“తెల్లవి ఏత్తే పసుపు మరక పోదు, నూని మరక పోదు బావా,” అంది రాజకుమారి. ఆయన మేనత్త కూతురు, ఇరవై రెండేళ్ళుగా పెళ్ళాం. గది మూలకి గ్యాస్ పొయ్యి జరుపుకుని పప్పు కలుపుతోంది. “పలాస షాపులో సగం రోజు కూకుని ఏరుకున్నాను. నాకు నచ్చినాది.”

“నీకు నచ్చితే సరిపోద్దా? మీటింగుకొచ్చినోళ్ళు సూసి నా మొకాన ఉమ్ముతారు! ఆ దుర్గాపెసాదు ఫోటో తీసి గ్రూపుల్లో పెడతాడు!”

“పదేళ్ళ నుంచి నీ మీటింగులికి నానే వండుతున్నాను. పూటకి ముప్పై మంది. ఒక్కడైనా ఈ గడప దాటి లోపలికి సూసినాడా? ఇల్లంతా నీ ఇష్టమే. ఈ ఒక్క గోడా నాకొగ్గీ.”

“ఈ ఇంట్లో పెతీ ఇటికా నాదే. నీకు గోడేటి? ఎవులిచ్చినారు నీకు గోడ?”

టైల్స్ మేస్త్రీ ఢిల్లీబాబుకి ఎటు చూడాలో తెలియలేదు. “బాబూ, నిన్న పెట్టినవి. పట్టేసినాయి. పీకితే ప్లాస్టరింగుతో సహా ఊడొత్తాది,” అని నసిగాడు.

“నువ్వు కూడా దుర్గాపెసాదు మనిసివేట్రా?”

వైకుంఠరావు అతని చేతిలో సుత్తి లాక్కున్నాడు. మూడు వరసలూ తనే పగలగొట్టాడు. ఏం కసి, ఏం కసి! పెంకులు ఎగిరి పప్పు గిన్నెలో పడ్డాయి. రాజకుమారి స్టవ్ కట్టేసింది.

“అయ్యిందా బావా?”

“అయ్యింది. ఇంకో మాటన్నావంటే నువ్వూ బయటికే.”

ఆమె గిన్నె తీసుకెళ్ళి పెరట్లో పారబోసింది. ఆ పూట ముప్పై మందికీ టెక్కలి నుంచి బిర్యానీ పొట్లాలు తెప్పించాల్సి వచ్చింది.

అప్పట్నుంచి ఆవిడ మొగుడితో మాట్లాడితే ఒట్టు. అన్నం పెట్టి, మూత పెట్టి వెళ్ళిపోతుంది. మధ్యాహ్నాలు ఇరుగుపొరుగు ఇళ్ళల్లో కూర్చునొస్తుంది. పీడా పోయింది, చెవులకి సుఖంగా ఉందనుకున్నాడు వైకుంఠరావు. తెల్ల టైల్స్, మధ్యలో తన పార్టీ రంగు పువ్వులు, తనే వెళ్ళి తెచ్చాడు. ఢిల్లీబాబు అవే అంటించాడు. ఆ గోడ ముందు నిలబడి ఫోటో తీయించుకుని, ‘ప్రెసిడెంటు గారి వంటింట్లోనూ మన రంగే’ అని గ్రూపులన్నిటికీ పంపించాడు. రెండొందల మంది బొటనవేళ్ళు ఎత్తారు.

నామినేషన్లకి ఆఖరి రోజు వచ్చింది. వైకుంఠరావు పొద్దున్నే డప్పులతో వెళ్ళి తన కాగితాలు ఇచ్చేశాడు. ఇంటికి పోలేదు. అవతలివాడు ఎవడో కళ్ళారా చూడాలి కదా! పంచాయతీ ఆఫీసు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

నాలుగింటికి తిరుమలరావు బండి మీద వచ్చాడు. వైకుంఠరావు కుర్చీలోంచి లేచాడు.

“రా నాయినా. అన్న కొంపకి నిప్పెట్టడానికొచ్చినావా?”

“ఏటన్నయ్యా ఆ మాటలు? నా ఓటూ, నా ఇంటోళ్ళ ఓట్లూ నీకే. అమ్మ మీద ఒట్టు.” తమ్ముడు కళ్ళనీళ్ళు పెట్టుకుని పక్కనే కూలబడ్డాడు.

అయితే తమ్ముడు కాదన్నమాట! వైకుంఠరావుకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఇంకెవడైతే ఏం, చిత్తుగా ఓడిస్తాను అనుకుని ఇద్దరికీ టీ చెప్పాడు.

గడువు ఇంకో పావుగంట ఉందనగా దుర్గాప్రసాద్ కారు వచ్చింది. చుట్టూ వందమంది ఈలలు, కేకలు. ఆ తోపులాటలో అభ్యర్థి ఎవరో కనబడనే లేదు. గుంపు గుంపంతా ఆఫీసు గుమ్మంలోకి దూరిపోయింది. వైకుంఠరావు కుర్చీ ఎక్కి మెడ సాచి చూశాడు. తలకాయలే తప్ప మొహాలు కనబడలేదు.

“ఎవుడ్రా ఆ దిక్కుమాలినోడు? డిపాజిట్టు కూడా దక్కనివ్వను!” అని అందరికీ వినబడేలా అరిచాడు.

లోపల అధికారి కాగితాలు సరిచూసుకుని, కిటికీ బయటికి వినబడేంత గట్టిగా చదివాడు: “అభ్యర్థి పేరు రాజకుమారి, భర్త పేరు వైకుంఠరావు.”