ఏడో నంబరు

తన కంప్యూటరుకు స్కాను బొమ్మలు రావడం లేదని ఆమె ఆసుపత్రి కింది అంతస్తుకు దిగింది. స్కాను గదిలోంచి చెప్పులు వేసుకుంటూ బయటికొస్తున్న మనిషి, అమ్మ.

మెదడులో రక్తం ఎక్కడ సరిగా పారడం లేదో స్పష్టంగా చూపించి, మతిమరుపు జబ్బును తొలిదశలోనే పట్టుకునే పద్ధతి కోసం ఆమె ఏడాదిగా కష్టపడుతోంది. రోగుల పేర్లు ఆమెకు తెలియవు, నంబర్లే. అందరికన్నా బొమ్మ బాగా కుదిరింది ఏడో నంబరుకు. ఆ అంకె ఇప్పుడు అమ్మ మణికట్టు పట్టీ మీద ఉంది.

"ఏడాదిగా నా దగ్గర దాచావా? మా పెద్ద డాక్టరు కూడా నోరు మెదపలేదు. ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు."

"చెప్పొద్దని ఆయనతో నేనే ఒట్టు వేయించుకున్నానే. తెలిస్తే నీకు చెయ్యాడదని."

"కూతుర్ని కదమ్మా. ముందు నాకు తెలియాలి కదా?"

అమ్మ మణికట్టు పట్టీని కొంగుతో కప్పుకుంది.

"ముందు నీకే తెలిసిందిలే. మొన్న అన్నం తింటూ సంబరంగా చెప్పావుగా, బొమ్మ అద్దంలా వచ్చిందని. ఏడో నంబరు ఇంకో ఏడాదికి సొంత పిల్లల్ని కూడా గుర్తుపట్టకపోవచ్చని. అంతదాకా వస్తుందని ఆ డాక్టరు నాకూ చెప్పలేదు."