ఇంటాయన అనుమానాలు

మూట ముడి వేస్తుండగా కాలింగ్ బెల్ మోగింది.

పిల్లి చేతులు అక్కడే ఆగిపోయాయి. చప్పుడు కాకుండా ఇళ్లలో దూరతాడని తోటి దొంగలు పెట్టిన పేరది. ఇంటివాళ్లు ఊరెళ్తున్నారని వీధి చివర విని, పెరటి తలుపు సందులోంచి రేకు ముక్క దూర్చి, గడియ లేపి లోపలికొచ్చాడు. వెండి గిన్నెలు, నగల పెట్టె, గోడ గడియారం అన్నీ ఒక దుప్పట్లోకి చేరాయి. ఇంకాసేపుంటే వెళ్లిపోయేవాడే.

బెల్ మళ్లీ మోగింది. తీయకపోతే వచ్చినవాడు పక్కింటివాళ్లను పిలవొచ్చు. పిల్లి వంటింటి గూట్లో ఉన్న దేవుడి పటానికి గబగబా దణ్ణం పెట్టుకున్నాడు. దేవుడు దొంగల మొర కూడా ఆలకిస్తాడా అంటే, వాడి అనుభవంలో ఇంతవరకూ ఆలకిస్తూనే ఉన్నాడు.

తలుపు తీస్తే, కళ్లజోడు పెట్టుకున్న బక్కపలచని పెద్దమనిషి. పిల్లిని ఎగాదిగా చూశాడు. వాడి వెనక కనిపిస్తున్న మూటను చూశాడు. కళ్లజోడు సర్దుకుని, ఆ తర్వాత మొహం నిండా నవ్వాడు.

"నమస్కారమండీ. నేను కాంట్రాక్టర్ని. వంటిల్లు బాగుచేయించుకోవాలని అనుకుంటున్నారటగా, ఒకసారి చూసిపోదామని వచ్చాను. ఇంటాయన మీరేనా?"

"నేనే" అన్నాడు పిల్లి.

కాంట్రాక్టరు నేరుగా వంటింట్లోకి నడిచాడు. దేవుడి పటం ముందు ఆగి, చేతులు జోడించి, చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. పెదవులు వణికాయి.

"పని మొదలుపెట్టే ముందు అలవాటండీ" అన్నాడు.

ఇద్దరి దణ్ణాలూ ఒక్క పటానికే. పాపం, ఆ దేవుడు మాత్రం ఎవరి మాట వినాలి?

"గట్టు కింద ఈ చెమ్మ చూశారా? సింకు గొట్టం పగిలి ఉంటుంది. వెనక్కెళ్లి చూసొస్తాను" అని కాంట్రాక్టరు పెరట్లోకి వెళ్లి, ఇల్లు చుట్టి వీధి తలుపు గుండా తిరిగొచ్చాడు. ఆ కాస్త వ్యవధిలో మూటెత్తుకుని పారిపోదామనుకున్న పిల్లికి ఒక్క అడుగు వేసే వీలు కూడా దొరకలేదు.

ఇక వీణ్ణి సాగనంపాలంటే ఒకటే దారి, బేరం చెడగొట్టడం.

"ఏమయ్యా, మీవాళ్లు గోడలు పగలగొట్టి, ఇంకో పని తగలగానే మాయమైపోతారటగా. నాకు నమ్మకం లేదు. తర్వాత చూద్దాంలే."

"ఆ భయం ఎవరికుండదండీ? ఇల్లంతా ఒక్కసారే పగలగొట్టనివ్వకండి. వంటిల్లు పూర్తవ్వాలి, కుళాయి తిప్పాలి, చెమ్మ రాలేదని మీరు కళ్లారా చూసుకోవాలి. అప్పుడే రెండో గదిలో గునపం దిగాలి."

"ముందు అందరూ ఇలాగే తియ్యగా చెబుతారు."

"చెప్పేవాడి మాటతో పనేముందండీ? వాడు ఇదివరకు చేసిన ఇంటికెళ్లండి. నిన్నగాక మొన్న చేసినదైతే ఎలాగూ మెరుస్తుంది. వానాకాలం దాటిన గోడను చేత్తో తడిమి చూడండి. ఆ ఇంటాయన్ని కాదు, ఇల్లాలిని అడగండి. రోజూ ఆ గట్టు దగ్గర నిలబడేది ఆవిడే."

వీడేంటి, జిగురులా పట్టుకున్నాడు అనుకున్నాడు పిల్లి.

"మరి పనివాళ్ల సంగతి? మనం అటు తిరిగితే ఇటు సామాను పోదూ? ఈ రోజుల్లో ఎవర్ని నమ్మాలో తెలీట్లేదయ్యా."

ఈ మాట అంటున్నప్పుడు వాడి గొంతులో నిజమైన బాధే పలికింది.

"అందుకే నగా నట్రా ముందే ఇంట్లోంచి తీసెయ్యాలండీ. ఆ జాగ్రత్త మీరు అప్పుడే పడ్డట్టున్నారు" అన్నాడు కాంట్రాక్టరు, మూటకేసి చూస్తూ.

ఆ చూపుతో పిల్లికి అనుమానం పుట్టింది. కాంట్రాక్టరని చెప్పుకునే మనిషి దగ్గర కొలత టేపు లేదు. గట్టును జానలేసి కొలుస్తున్నాడు. గోడలు తట్టి చూస్తున్నాడు. నగల ఊసెత్తుతున్నాడు. సందేహం లేదు, వీడూ మనవాడే. ఖాళీ ఇల్లనుకుని వచ్చి, మనిషి కనబడేసరికి ఈ వేషం కట్టాడు.

పిల్లికి నవ్వొచ్చింది. భయం ఎగిరిపోయింది. ఒక దొంగ చేత మూట మోయించే యోగం ఎందరికి పడుతుంది?

"ఇది మా అక్కయ్య వాళ్లింట్లో దాచడానికేనయ్యా. నాకు నడుం నొప్పి. కాస్త వీధి చివరిదాకా పట్టుకు రా, వెనకే వస్తాను."

"అయ్యో, దానికేం భాగ్యం. మీరు నిదానంగా చెప్పులేసుకుని రండి."

కాంట్రాక్టరు మూటను రెండు చేతులా పొదివి పట్టుకుని గడప దాటాడు. వెంటనే తలుపు మూసుకుంది. బయట నుంచి తాళం చకచకా రెండు చుట్లు తిరిగింది.

పిల్లి పెరటి తలుపుకేసి పరుగెత్తాడు. దానికీ బయట గడియ పడి ఉంది. దొంగను దొంగే బురిడీ కొట్టించాడని తల పట్టుకుని, కిటికీ ఊచల్లోంచి వీధిలోకి చూశాడు. కాంట్రాక్టరు ఎక్కడికీ పారిపోలేదు. మూటను ఒళ్లో పెట్టుకుని, మెట్టు మీద కూలబడి, చెమట తుడుచుకుంటున్నాడు.

పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏం బాబాయ్ గారూ, బస్సు తప్పిపోయిందా? మీ ఇంటికి తాళం వేసుకుని మీరే మెట్ల మీద కూర్చున్నారేమిటి?"

"బస్సు తప్పి తిరిగొచ్చి తాళం తీశాక, లోపల అలికిడి విని బెల్ కొడితే దొంగే తలుపు తీశాడమ్మాయ్. వాడింకా లోపలే ఉన్నాడు, ముందు పోలీసులకు ఫోన్ చెయ్యి, ఆ తర్వాత వంటిల్లు బాగుచేయించడానికి మేస్త్రీకి చెయ్యి. ఇన్నేళ్లుగా నన్ను పట్టి పీడిస్తున్న భయాలన్నీ వాడు వరసపెట్టి అడుగుతుంటే, జవాబులు చెప్పీ చెప్పీ నాకే ధైర్యం వచ్చేసింది."