అల్లం మడి ఊపిరి

ఆర్నెల్లుగా బాలమణికి ఎడమ చెవి పోటు. ముక్కు నుంచి చెవికి పోయే గొట్టం మూసుకుపోయిందన్నారు దవాఖానలో. దిమ్మెక్కిన చెవిలో రాత్రింబవళ్లు తన ఊపిరే బుసకొట్టేది.

చీకటి పడింది. అల్లం మడికి నీళ్లు పారించి మోటరు బంద్ చేసింది.

"డాక్టర్ చెప్పినట్టు జర ముక్కు మూసి ఊదరాదే," అన్నాడు గట్టు మీంచి భర్త సదాశివ.

నోరు, ముక్కు మూసి గట్టిగా ఊదింది. టప్పుమని చెవి విచ్చుకుంది. పోటు పోయింది. ఊపిరి చప్పుడు మాత్రం పోలేదు. తను ఇంకా ఊపిరి బిగబట్టే ఉంది.

ఆ చప్పుడు పాదాల కింది మట్టిలోంచి వస్తోంది. మడంతా మెల్లగా పొంగి దిగుతోంది. ఇన్నాళ్లూ తనదనుకున్న ఊపిరి ఇంత పెద్దదా! బాలమణి కొంగు తల మీదికి లాక్కుని చేతులు జోడించింది.

"తక్కువైందా?" అడిగాడు సదాశివ.

"తక్కువైంది. అంతా ఇనబడుతుంది," అంది.

ఆ మాటకు పాదాల కింది మట్టి, ఊపిరి బిగబట్టింది.