అడుగులు నేర్పని డాన్సు టీచరు

క్లాసు మొదలైన పది నిమిషాలకే తల్లికి ఒళ్ళు మండింది.

ఏడేళ్ళ కూతురికి ఆటిజం. మాటల్లేవు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా అమ్మ కళ్ళలోకి చూడలేదు. ఇలాంటి పిల్లలు డాన్సుతో మనసు విప్పుతారని డాక్టరు చెబితే, ఆ ఒక్క చూపు కోసం కొండంత ఆశతో ఈ డాన్సు స్కూల్లో చేర్పించింది.

తీరా చూస్తే ఇదీ వరస. పాప చేతులు టపటపా ఆడిస్తే టీచరూ ఆడిస్తోంది. పాప ముందుకీ వెనక్కీ ఊగితే తనూ ఊగుతోంది. పాప గోడకేసి తిరిగితే ఆవిడా గోడకేసే. ఒక్క అడుగు నేర్పితే ఒట్టు.

ఆ చేష్టలు మాన్పించలేక ఇంటిల్లిపాదీ నానా తంటాలు పడుతుంటే, ఈ మహాతల్లి వాటికి వంత పాడుతోంది!

క్లాసవగానే నిలదీసింది. ఇది డాన్సా, వెక్కిరింతా అని అడిగింది. టీచరు ఉలకలేదు, పలకలేదు. ఎటో చూస్తూ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

తల్లి తిన్నగా ఆఫీసు గదికెళ్ళి, స్కూలు నడిపే పెద్దావిడ ముందు ఆ టీచర్ని కడిగి పారేసింది. అంత పొగరున్న మనిషి వద్దు, మార్చెయ్యమంది. పెద్దావిడ ఏదో చెప్పబోయింది. చెప్పనిస్తేగా. చివరికి సరేనంది.

మూడో రోజు పొద్దున పాప వంటింట్లోకొచ్చి అమ్మ ఎదురుగా నిలబడింది. చేతులు టపటపలాడించి, ఆగింది.

ఎప్పట్లా ఆ చేతులు పట్టుకోబోయిన తల్లికి ఏం తోచిందో, తనూ రెండుసార్లు ఆడించింది.

పాప గెంతింది. తల్లీ గెంతింది.

పాప పకపకా నవ్వి, అమ్మ కళ్ళలోకి నేరుగా చూసింది.

తల్లికి కళ్ళనీళ్ళు ఆగలేదు. నా బంగారం ఇన్నాళ్ళూ పిలుస్తూనే ఉంది, పలకనిది నేనే అనుకుంది. కూతుర్ని చూస్తే గుండె నిండిపోయింది.

పాపను చంకనేసుకుని స్కూలుకి పరుగెత్తింది. టీచరు లేదు. ఎప్పట్నుంచో పిలుస్తున్న వేరే ఊరి స్కూలుకి నిన్ననే వెళ్ళిపోయిందట.

"ఫోన్ నంబరివ్వండమ్మా. ఒక్కసారి మాట్లాడి, తప్పయిందని చెప్పుకుంటాను."

"తనకి ఫోన్లో మాట్లాడటం రాదమ్మా. మీ పాపలాగే మాటల్లేవు," అంది పెద్దావిడ. ఆ గొంతులో కోపం లేదు, గర్వమే ఉంది. "అక్కడ టీచర్లకే పాఠం నేర్పడానికి వెళ్ళింది గానీ, ముప్ఫై ఏళ్ళొచ్చినా నన్ను ఒక్కసారీ అమ్మా అని పిలవలేదు నా కూతురు."