మార్చి పదకొండు

సివిల్స్ పరీక్షకు వయసు పరిమితి రెండేళ్లు పెంచారని పేపర్లో పడిన రోజే తిరుపతికి ఆ పరీక్ష రెండోసారి చేజారింది. అమ్మ లెక్కలో అతనికి ఇంకా వయసుంది. పదో తరగతి సర్టిఫికెట్ లెక్కలో మాత్రం, పెంచిన తరువాత కూడా లేదు. పరీక్ష పెట్టేవాళ్లు నమ్మేది సర్టిఫికెట్‌నే.

దాన్ని సరిచేయించగలిగిన మనిషి ఒక్కడే. తిరుపతిని బడిలో చేర్చుకుని పుట్టిన తేదీ రాసినవాడు, ఇప్పుడు అదే బడికి హెడ్మాస్టరు, అతని తండ్రి లింగమూర్తి. కబురు పెడితే శనివారం మధ్యాహ్నం ఊరి నుంచి మాదాపూర్ వచ్చాడు. సైబర్ టవర్స్ ఎదురుగా పోచమ్మ చాయ్ బండి దగ్గర, సంచీ ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు.

ఆఫీసులోంచి పరుగున వచ్చిన కొడుక్కి ముందు డబ్బా అందించాడు.

"మీ అమ్మ సర్వపిండి పంపింది. చిన్నోనికి వేడిగున్నప్పుడే ఇయ్యమన్నది. బస్సుల సల్లారింది."

"చిన్నోడా?" పోచమ్మ నవ్వింది. "మరి పెద్దోడు ఏం జేస్తడు సారూ?"

"నేనొక్కన్నే పోచమ్మా. మా అమ్మకు అట్ల పిలుసుడు అలవాటు." తిరుపతి డబ్బా పక్కన పెట్టి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "బాపూ, అంతా ఆఫీసు కంప్యూటర్ల కొట్టి తెచ్చిన. పుట్టిన తేదీ రాసుట్ల పొరపాటు జరిగిందని, అంతే. నువ్వు సంతకం పెడితే బోర్డోళ్లు సర్టిఫికెట్ మారుస్తరు. అప్లికేషన్‌కు ఇంకా టైమున్నది."

లింగమూర్తి కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. చొక్కా జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. 

ఆయన ఒక చోట దీర్ఘం దిద్ది, పెన్ను మూత పెట్టేశాడు.

"దీర్ఘం దిద్దుమన్ననా బాపూ? సంతకం పెట్టుమన్న!"

"తేదీ తప్పు కాదురా."

"అంటే అమ్మ అబద్ధమాడుతున్నదా? అరవై తొమ్మిదిల, తెలంగాణ గొడవల యేడు నేను కడుపుల ఉన్ననంటది. బందులున్నయని దవాఖానకు పోవుడుకు బండి గూడ దొరకలేదని ఎన్నిసార్లు చెప్పిందో!"

"నిజమే చెప్పింది."

"మరి నువ్వు రాసిన తేదీ?"

"అది గూడ నిజమే."

తిరుపతి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. పోచమ్మ చాయ్ పోసి ఇద్దరి ముందూ పెట్టింది. ఎవరూ తాగలేదు.

"నా తోటోళ్లందరికి జూన్ ఒకటి అని రాసినవ్," అన్నాడు తిరుపతి. "గొర్లు కాసే ఎల్లయ్య కొడుక్కు జూన్ ఒకటి. పటేలు బిడ్డకు జూన్ ఒకటి. ఊరు ఊరంత ఒక్కనాడే పుట్టింది. నాకొక్కనికే మార్చి పదకొండు! గంత పక్కాగ రాసినోనివి, మూడేండ్లు ఎట్ల ఎక్కువేసినవ్? కొడుకు జల్ది నౌకరి చెయ్యాల్నని తొందరా?"

లింగమూర్తి కళ్లద్దాలు తీసి మళ్లీ తుడుచుకున్నాడు.

"యాడాది సంది అడుగుతున్న. అడిగినప్పుడల్లా ఇట్లనే నోరు మూసుకుంటవ్. ఢిల్లీల కూసున్నోళ్లు ముక్కూ మొహం తెలువని నాకోసం రూలే మార్చిన్రు. కన్న తండ్రివి, నువ్వు ఒక్క తేదీ మార్చవు!"

"జర చెప్పరాదు సారూ," అంది పోచమ్మ. "పోరడు పరేషాన్ అయితున్నడు. అమ్మ చెప్పిందీ నిజమే, నువ్వు రాసిందీ నిజమేనాయె. ఒక్క మనిషి రెండుసార్లు పుడ్తడా?"

"పుట్టింది ఇద్దరమ్మా," అన్నాడు లింగమూర్తి.

తిరుపతి తలెత్తాడు. "నాకంటె ముందు పుట్టిన అన్న సంగతా? పురిట్లనే పోయిండంటిరి గద?"

"పురిట్ల పోలేదు. మార్చి పదకొండు వాడు పుట్టిన తేదీ. తిరుపతి అన్నది వానికి పెట్టిన పేరు." ఆయన కాగితాన్ని మోకాలి మీద పరిచి, మడతలు వేలితో సాపు చేస్తున్నాడు. "బడిల చేర్చిన నెలకు జరమొచ్చింది. ఆగలేదు. రిజిస్టర్ల పేరు కొట్టేసుడు నా పనే. చెయ్యి రాలే. పొద్దుగాల హాజరు పిలుసుకుంట వచ్చి, వాని పేరు గూడ పిలుస్తుంటి. పిల్లలు కిక్కురుమనకపోతుండ్రి. మీ అమ్మ మంచం దిగక, నిన్ను ఒళ్ల కూసోబెట్టుకుని బడి నడిపిన. అప్పటికి నీకు మాటలు సక్కగ రావు. ఒకనాడు నేను పిలిస్తే, ఒళ్ల కూసున్న నువ్వు పలికినవ్. 'ఉన్న సార్' అన్నవ్. ఆనాటి సంది ఆ పేరు, ఆ తేదీ నీవే అయినయ్."

పోచమ్మ స్టవ్ తగ్గించింది.

సంతకం పెట్టడానికి లింగమూర్తి ఎర్ర పెన్ను మూత మళ్లీ తీశాడు. తిరుపతి ఆ చేతిని పట్టుకుని ఆపాడు.

మార్చి పదకొండున పుట్టిన తిరుపతి చనిపోయాడని రిజిస్టర్లో రాయడం ఇంకా మిగిలే ఉంది.