గోల్‌కీపర్‌కి రెండు నిమిషాలు

"మీ పేరు అతిథుల లిస్టులో లేదండి," అన్నాడు గేటు దగ్గర గుమాస్తా, తల ఎత్తకుండానే.

"మళ్లీ చూడు నాయనా. పాత జట్టు గోల్‌కీపర్‌ని. 'గోడ' అంటే ఫుట్‌బాల్ సంఘంలో తెలియనివాళ్లు లేరు," అన్నాడు పెద్దాయన.

"ఇందులో గోడలూ మేడలూ ఏమీ లేవండి."

భార్య ఆయన చొక్కా పట్టి లాగింది. "నేను చెప్తే విన్నారా? పేపర్లో చూసి పిలవని పేరంటానికి బయల్దేరారు."

గోడ సన్మానం కోసం రాలేదు. దేశానికి ఆడిన కుర్రాళ్లంతా ఆట నేర్చుకున్న పాత గ్రౌండును సంఘం దుకాణాలకి రాసిచ్చేస్తోంది. సభ అయ్యాక సంతకాలు. వద్దంటూ ఆయన రాసిన ఏడు ఉత్తరాలకి ఉలుకూ పలుకూ లేదు. మంత్రిగారి ముందు, ఇంతమంది ముందు మైకులో అడిగేస్తే కాదనలేరని ఆయన ఆశ.

"ఆగండాగండి," అన్నాడు గుమాస్తా ఇంకో కాగితం తీసి. "పాత జట్టువాళ్లది వేరే ఉంది. సెక్రటరీగారు స్వయంగా వేదిక మీద చదువుతారట. ఆరు పేర్లు. మీది ఆఖర్న ఉందండి!"

గోడ భార్య వైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

"చదివాక రెండు నిమిషాలు అని రాసుంది," అన్నాడు గుమాస్తా.

"ఒక్కొక్కరికా?"

"అందరికీ కలిపే అనుకుంటానండి."

"ఆసియా అంతటినీ గెలిచొచ్చిన జట్టుకి మొత్తం రెండు నిమిషాలా! సరే, మా రైట్ వింగర్ పేరుందా?"

"మూడోదండి."

గోడ పకపకా నవ్వాడు. "విన్నావుటే? వాడు పోయి నాలుగేళ్లయింది. వాణ్ణీ మాట్లాడమంటారట! ఇదీ వీళ్ల తెలివి."

"పోనిద్దురూ, ఆయన వాటా మీకు కలుస్తుంది," అంది ఆవిడ.

మిగతా పేర్లు అడిగేలోపే గుమాస్తా మంత్రిగారి కారు తలుపు తీయడానికి పరుగెత్తాడు.

హాల్లో 'నిన్నటి కీర్తి, రేపటి ప్రపంచకప్పు' అని పెద్ద బ్యానర్. దాని మీద బంతి తన్నుతున్న ఆటగాడు ఏ దేశం వాడో బ్యానర్ వేసినవాడికీ తెలియదు. చివరి వరసలో కూర్చుని గోడ మైకులో చెప్పాలని రాసుకొచ్చిన కాగితం గొణుగుతూ చదువుకున్నాడు. భార్య వాచీ చూసింది.

"మూడు నిమిషాలు పట్టింది. బూట్లు లేకుండా ఆడిన సంగతి తీసేయండి."

"అది తీసేస్తే ఇంకేం మిగుల్తుంది?"

"గ్రౌండు మిగుల్తుంది."

ఆయన పెన్ను తీసి ఆ నాలుగు లైన్లూ కొట్టేశాడు.

మంత్రిగారు నలభై నిమిషాలు మాట్లాడారు. మన ఫుట్‌బాల్ కుర్రాళ్లు సెంచరీలు కొట్టే రోజు ఎంతో దూరంలో లేదన్నారు. ఒక్కరూ నవ్వలేదు. తర్వాత కోటు వేసుకున్న సలహాదారు తెర మీద గీతలు చూపించి, ఇంకో ముప్ఫై ఏళ్లలో కప్పు మనదేనన్నాడు. అప్పటికి జవాబు చెప్పాల్సినవాళ్లు వేదిక మీద ఒక్కరూ ఉండరు గనక చప్పట్లు గట్టిగానే పడ్డాయి.

"బంతి గుండ్రంగా ఉంటుందని వీళ్లకి ఎవరైనా చెప్పారో లేదో," అన్నాడు గోడ.

"నెమ్మదండీ. మీ వంతు వస్తోంది."

సెక్రటరీ మైకు ముందుకొచ్చాడు. "ఇప్పుడు మన ఘనమైన గతాన్ని తలచుకుందాం," అని కాగితం విప్పి ఒక్కో పేరే చదివాడు. ఆరోది, "అడ్డుగోడలా నిలిచిన మన గోల్‌కీపర్, గోడగారు."

హాలంతా లేచి నిలబడింది. మంత్రిగారు కూడా లేచారు.

గోడకి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల కోపం ఆ క్షణాన కరిగిపోయింది. "ఊరికే ఆడిపోసుకున్నానే. వీళ్లకీ మర్యాద తెలుసు," అన్నాడు భార్యతో. చొక్కా సర్దుకుని, కాగితం పట్టుకుని, కుర్చీల మధ్య నుంచి వేదిక వైపు నడిచాడు. మోకాళ్ల నొప్పి కూడా గుర్తు రాలేదు. గ్రౌండు గురించి మొదటి మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

ఆయన సగం దూరం వెళ్లేసరికి సెక్రటరీ మళ్లీ మైకు అందుకున్నాడు.

"వారి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం."