కంపు పోయిన వేపసబ్బు

“దీనికి వాసన ఎక్కడిది?” సబ్బుబిళ్ల ముక్కు దగ్గర పెట్టుకుని అడిగాడు విశ్వేశ్వరరావు. ప్రభుత్వ పరిశోధనశాలలో కనిపెట్టిన పద్ధతులను బయటి కార్ఖానాలకు అప్పగించడం ఆయన ఉద్యోగం.

“గానుగల ఆడించిన పచ్చి వేపనూనె జర కలిపిన సార్,” అన్నాడు మదీనాగూడలో రేకుల షెడ్డు వేసుకుని సబ్బులు చేసే లింగమూర్తి.

“వేపనూనెకు ఆ కంపు వదిలించడానికి మావాళ్లు నాలుగేళ్లు తలలు బద్దలు కొట్టుకున్నారయ్యా. పద్ధతి మారిస్తే లైసెన్సు రద్దు. షెడ్డుకు తాళమే.”

లింగమూర్తి భార్య సక్కుబాయి చాయ్ అందించింది. “వాసన లేకుంటే వేప అని ఎవరు నమ్ముతరు సార్? పటాన్‌చెరు సంతల మమ్ముల దొంగలన్నరు. కంపు కలిపినంక గంపలు ఖాళీ అయితున్నయి.”

విశ్వేశ్వరరావు సాక్ష్యానికి రెండు బిళ్లలు రుమాల్లో కట్టుకుని జీపెక్కాడు.

డ్రైవరు బుల్లిబాబు గాలి పీల్చాడు. “వేపసబ్బాండి? మా ఇంటికొకటి ఇప్పించండి. పోయినేడాది మీరిచ్చింది ఉత్త సబ్బండి.”

పోయినేడాది ఇచ్చింది పరిశోధనశాల వేపసబ్బే.

విశ్వేశ్వరరావు జీపు దిగాడు.

“ఎంత నూనె కలుపుతున్నావో చెప్పు లింగమూర్తీ. ఇన్నాళ్లూ మావాళ్ల విద్య మీకు మోశాను. ఇవాళ మీది వాళ్లకు మోస్తాను.”